లాప్‌టాప్ బ్యాటరీ శాతము – లినక్సు లెక్క

తెరమీద 29 శాతము కనబడుతూ ఉండగానే లాప్‌టాప్ హఠాత్తుగా ఆగిపోవుట కొందరు విద్యార్థులకు అనుభవమే. వెంటనే నేరము లినక్సు మీద పడుతుంది. ఈ ఆరోపణ సరి కాదు. అయితే లినక్సు పూర్తిగా నిర్దోషి అనడానికీ వీలు లేదు.

ఈ శక్తిని లినక్సు స్వయముగా కొలవదు. బ్యాటరీలోనే ఒక చిన్న గణక సాధనము ఉన్నది. లోనికి వచ్చిన, బయటికి పోయిన విద్యుత్ప్రవాహమును అది కాలముతో హెచ్చవేసి కూడుతూ, మిగిలినదెంతో అంచనా కడుతుంది. ఆ అంకెలను లినక్సు అనేక యంత్రాలలో 'ఎనర్జీ నౌ', 'ఎనర్జీ ఫుల్' అనే ఫైళ్లలో చూపుతుంది. మొదటిది లవము, రెండవది హారము. లవమును అందరూ శంకిస్తారు. తప్పు తరచు హారములో ఉంటుంది.

కొత్తలో 50 వాట్-గంటలు నిలుపుకొన్న బ్యాటరీ వాడకముచేత 32కు క్షీణించిందనుకొందాము. గణకము మాత్రము ఇంకా 45 అనే నమ్ముతున్నది. 32 ఖర్చుకాగానే ఘటములు వట్టిపోతాయి. గణకము లెక్కలో 13 మిగిలే ఉన్నవి. 13ను 45 చేత భాగించి చూడండి: 29 శాతము! భాగహారములో తప్పు లేదు.

మరి లినక్సు లోపమేమి? పేర్లు పెట్టుటలో అజాగ్రత్త. కెర్నెల్ ఫైళ్లలో 'కెపాసిటీ' అంటే ఇప్పుడు మిగిలిన శాతము. 'యూపవర్' అనే ప్రోగ్రాములో అదే మాటకు బ్యాటరీ ఆరోగ్యమని అర్థము, అనగా ఇప్పటి పూర్ణశక్తికి కొత్తనాటి పూర్ణశక్తితో గల నిష్పత్తి. పై బ్యాటరీకి ఒకచోట 29, మరొకచోట 90 వస్తుంది. ఆ 90 కూడ అంచనాయే, నిజము 64. ఒకే సంజ్ఞను రెండు రాశులకు వాడిన పాఠ్యపుస్తకమును చూసి మనము ఊరుకుంటామా?

యూపవర్ దాచిన పాత ఫైళ్లను తుడిచివేయమనే సలహా తరచు వినబడుతుంది. దానివలన పాత గ్రాఫు పోతుంది గాని గణకము దిద్దుకొనదు. అంతకంటె వోల్టేజి చూడుట మేలు. మూడు లిథియం-అయాన్ ఘటములు శ్రేణిలో ఉన్న బ్యాటరీ నిండినప్పుడు సుమారు 12.6 వోల్టులు ఉంటుంది; వట్టిపోవువేళ 9కి సమీపిస్తుంది. తేలిక పని మీద ఉండగా శాతము 29, వోల్టేజి 9 దగ్గర ఉంటే అనుమానించవలసినది గణకమునే. అప్పుడు చేస్తున్న పనిని భద్రపరచుకొని, నిండుగా చార్జి చేసి, యంత్రము ఆగేవరకు వాడి, మరల ఆపకుండా నింపాలి. చాల గణకములు దీనితో హారమును దిద్దుకుంటాయి. మాటిమాటికి ఇట్లు చేయరాదు. బ్యాటరీ ఉబ్బి ఉంటే అసలే చేయరాదు. చార్జి 80 వద్ద ఆగిపోతే అది ఆయుర్దాయము కోసము పెట్టిన హద్దు కావచ్చు. దానిని తాత్కాలికముగా తొలగిస్తేనే ఈ దిద్దుబాటు సాగుతుంది.