ఆపడమూ పనితనమే

ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఆల్డిహైడ్‌ది నడిమి మజిలీ. ఆల్కహాల్‌ను ఆక్సీకరిస్తే ఆల్డిహైడ్ వస్తుంది; పట్టు తప్పితే ఆమ్లమైపోతుంది. అటు ఆమ్లం వైపు నుంచి క్షయకరణం చేస్తూ వస్తే, ఇక్కడ ఆగకుండా ఆల్కహాల్ దాకా జారిపోతుంది. బెంజాల్డిహైడ్ సీసా మూత సరిగ్గా బిగించకపోతే గాలికే మూతి చుట్టూ బెంజోయిక్ ఆమ్లం తెల్లటి పలుకులుగా కడుతుంది. అరిసెల పాకానికి లాగే దీనికీ అదను ముఖ్యం.

అందుకే నాకు రోజెన్‌మండ్ పద్ధతి అంటే ముచ్చట. 1918లో ఈ జర్మన్ రసాయనవేత్త చెప్పిన దారి ఇది: ఆసిడ్ క్లోరైడ్‌ను జైలీన్‌లో కరిగించి, బేరియం సల్ఫేట్ మీద పరిచిన పల్లాడియం వేసి, వేడి మీద హైడ్రోజన్ పంపాలి. పల్లాడియం మహా చురుకు. దాని మానాన వదిలేస్తే ఆల్డిహైడ్‌నూ మిగలనివ్వదు. అందుకని క్వినొలిన్, గంధకం కలిపి కాచిన ద్రవం కాస్త వేసి దాని జోరు తగ్గిస్తారు. ల్యాబుల్లో దీన్ని ఉత్ప్రేరకానికి విషం పెట్టడం అంటాం.

పని ఎంతవరకు వచ్చిందో ఫ్లాస్కులోకి తొంగిచూస్తే తెలియదు. బయటికొచ్చే హైడ్రోజన్ క్లోరైడ్‌ను నీళ్లలోకి పట్టి, ఫినాఫ్తలీన్ వేసి, బ్యూరెట్ నుంచి క్షారం వదులుతూ లెక్క చూసుకోవాలి. గులాబీ రంగు వచ్చినట్టే వచ్చి పోతుంటే లోపల పని సాగుతున్నట్టు. రంగు నిలిచి, లెక్క సరిపోయిందా, హైడ్రోజన్ కట్టేయాలి.

పరిశ్రమదీ ఇదే గొడవ. 1938లో జర్మనీలోని ఓబర్‌హౌజెన్‌లో ఒట్టో రోలెన్ కోబాల్ట్ సాయంతో ఇథిలీన్‌కు కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ జతచేసి ప్రొపనాల్డిహైడ్ రాబట్టాడు. కోబాల్ట్‌కు 200 అట్మాస్ఫియర్లకు పైబడిన ఒత్తిడి కావాలి. పైగా కొంత ఆల్డిహైడ్‌ను ఆల్కహాల్ చేసేస్తుంది. తర్వాత ఫాస్ఫీన్ తోడుగా వచ్చిన రోడియం 20 అట్మాస్ఫియర్ల లోపే పని ముగించి, చాలావరకు ఆల్డిహైడ్ దగ్గరే ఆగుతుంది. అంత ఖరీదైన లోహాన్ని కంపెనీలు ఊరికే నెత్తిన పెట్టుకోలేదు.

చిక్కుముడి లాంటి పెద్ద అణువుల్లో ఈ నిగ్రహం ఇంకా అవసరం. 1990లో తోహ్రు ఫుకుయామా బృందం థయోఎస్టర్‌ను బొగ్గు మీది పల్లాడియం, ట్రైఇథైల్‌సైలేన్‌లతో గది ఉష్ణోగ్రత దగ్గరే ఆల్డిహైడ్‌గా మార్చింది. పక్కనున్న మామూలు ఎస్టర్లు, అమైడ్‌లు చెక్కుచెదరవు. గంధకపు కంపు భరించాలి, అంతే.

పరిశోధనా పత్రం చేతికొస్తే చాలామంది చూపు ముందు దిగుబడి శాతం మీదికి పోతుంది. నేను మాత్రం ఆ లోహం ఏయే బంధాల జోలికి పోలేదో ముందు వెతుకుతాను. చేసినవాడి పనితనం నాకు అక్కడే తెలుస్తుంది.