ఒడ్డు వెంబడి గీసిన ఆట

కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్ గోల్ఫ్ కోర్సును 1919లో తెరిచారు. గీసిన జాక్ నెవిల్, డగ్లస్ గ్రాంట్ ఇద్దరూ ఔత్సాహిక ఆటగాళ్లే. 8 అంకెలా దారి మెలితిప్పి, వీలైనన్ని హోల్స్‌ను సముద్రం పక్కకు చేర్చారు. అదీ పనితనం.

ఏడో హోల్ వంద గజాల పైచిలుకే. చూస్తే పిల్లలాట! గాలి లేనప్పుడు వెడ్జ్‌తో చిన్న దెబ్బ చాలు. ఎదురుగాలి లేచిందా, ఆరితేరినవాళ్లు కూడా పొడవాటి ఐరన్ అందుకుంటారు. ఎనిమిదో హోల్ మరీ గడుసుది. రెండో దెబ్బ కొండచరియ అంచు నుంచి అఖాతం మీదుగా ఆవలి గ్రీన్‌కు కొట్టాలి. నా ఓటు దానికే. లోపలివైపు హోల్స్ కొన్ని (ఒప్పుకోవాలి) కాస్త చప్పనే. పద్దెనిమిదోదానికి ఎడమ పొడవునా సముద్రమే. ఒడ్డును ఒరుసుకుంటూ కొడితే దూరం తగ్గుతుంది, జంకి కుడికి మళ్లితే పెరుగుతుంది.