‘మాలపల్లి’లో మూడు స్వేచ్ఛలు

1

ఒక విద్యార్థి నన్నడిగిన ప్రశ్నతో ఈ వ్యాసం మొదలుపెడతాను. ఎం.ఏ. తరగతిలో ఉన్నవ లక్ష్మీనారాయణ గారి ‘మాలపల్లి’ పాఠం చెబుతున్నాను. రామదాసు పాత్ర ఔన్నత్యాన్ని వర్ణిస్తున్నాను. అతని భక్తి, శాంతం, శాకాహారం, ఎంత కష్టం వచ్చినా చలించని మనస్సు, అన్నీ ఏకరువు పెట్టాను. వెనక బెంచీలోంచి ఒక కుర్రవాడు లేచి, “సార్, రామదాసు మాంసం తినేవాడు, కోపం వస్తే కేకలు వేసేవాడు అయితే మీకింత నచ్చేవాడా?” అన్నాడు. తరగతి నవ్వింది. నేనూ నవ్వాను. సమాధానం మాత్రం చెప్పలేకపోయాను. ఉద్యోగ విరమణ చేసి ఏళ్ళు గడిచినా ఆ ప్రశ్న నన్ను వదలలేదు.

ఆ కుర్రవాడు ఒక పాత్ర గురించి అడిగాడనే అప్పట్లో అనుకున్నాను. నిజానికి అతను అడిగింది స్వేచ్ఛ గురించి. స్వేచ్ఛ మంచి నడవడికి దొరికే బహుమానమా, మనిషిగా పుట్టినందుకు ఉండవలసినదా? పుట్టుకతో ఉండవలసినదే అయితే, అది చేతిలోంచి జారిపోకుండా కాపాడేది ఏది? ‘మాలపల్లి’ని గాంధీవాద నవల అన్నవారున్నారు, రష్యా విప్లవ ప్రభావం ఉన్న నవల అన్నవారున్నారు. రెండింటికీ నవలలో ఆధారాలు దొరుకుతాయి. ఆ తగవు తీర్చడం ఇక్కడ నా ఉద్దేశం కాదు. స్వేచ్ఛను నిలబెట్టుకోవడం అన్న ప్రశ్న వైపు నుంచి ఈ నవలను మరొకసారి చదవాలన్నదే నా ప్రయత్నం.

2

ముందు పుస్తకం సంగతి చెప్పాలి. పల్నాటి రైతులు పుల్లరి కట్టమని ఎదురుతిరిగిన రోజుల్లో జైలు పాలయిన ఉన్నవ, రాయవేలూరు జైలులో ఈ నవల రాశారు. 1922లో అచ్చయింది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు పీఠిక రాశారు. అచ్చయిన కొద్దికాలానికే మద్రాసు ప్రభుత్వం దీన్ని నిషేధించింది. 1928లో కొన్ని మార్పులతో మళ్ళీ వెలుగు చూడనిచ్చింది. 1936లో మళ్ళీ నిషేధించింది. 1937లో కాంగ్రెసు మంత్రివర్గం వచ్చిన తరువాతగాని ఆ నిషేధం తొలగలేదు.

ఈ వరుసలో నిషేధం అన్న మాట దగ్గరే మనం ఆగిపోతాం. నా దృష్టిలో ‘కొన్ని మార్పులతో’ అన్న మాట అంతకంటే ముఖ్యమయినది. నిషేధించిన పుస్తకం దొంగచాటుగా అయినా మొత్తంగా ఉంటుంది. అనుమతి పొందిన పుస్తకం కొంత పోగొట్టుకుని బయటికి వస్తుంది. నిషేధంలో ప్రభుత్వం చెయ్యి కంటికి కనబడుతుంది. అనుమతిలో అది రచయిత కలంలోకి దూరి పనిచేస్తుంది. ఉన్నవగారిని నిందించడానికి ఈ మాట అనడం లేదు. పుస్తకం పాఠకుడికి అందడం కోసం అంతకుమించి దారి లేని కాలం అది. అయితే స్వేచ్ఛ పోయే తీరుల్లో ఇది ఒకటని రచయితలమైన మనం గుర్తుపెట్టుకోవాలి.

3

ఇక నవలలోకి వద్దాం. ఒకే గుడిసెలో ఉన్నవ మూడు స్వేచ్ఛలను కూర్చోబెట్టారు.

మొదటిది తండ్రి రామదాసుది. అది లోపలి స్వేచ్ఛ. భూమి పోతుంది, కొడుకు పోతాడు, ఇల్లు చెదిరిపోతుంది. అయినా ఆయనను ఎవరూ బానిసను చేయలేరు. ఎందుకంటే, ఆయన కోరుకునే ముక్తి చౌదరయ్య ఇవ్వగలిగినదీ కాదు, లాక్కోగలిగినదీ కాదు. ఇందులో గొప్పతనం ఉందనడంలో సందేహం లేదు. మన తత్వాలు, యక్షగానాలు, హరికథలు విని పెరిగిన పల్లె మనిషికి ఇది బాగా తెలిసిన గొప్పతనం. కాని ఒక విషయం గమనించాలి. రామదాసు లోపల ఎంత స్వేచ్ఛగా ఉన్నా చౌదరయ్య పొలంలో ఒక్క కూలీకి ఒక్క గింజ ఎక్కువ రాలేదు. ఈ స్వేచ్ఛను దొర చూసి భయపడడు, ముచ్చటపడతాడు.

రెండవది పెద్దకొడుకు వెంకటదాసుది. అతను ఇల్లు వదిలి, తక్కెళ్ళ జగ్గడనే పేరుతో ముఠా కట్టి, ఉన్నవాడి ఇల్లు దోచి లేనివాడికి పంచుతాడు. ఆ పేరులో తక్కెడ ఉండడం నాకెప్పుడూ అర్థవంతంగానే కనబడుతుంది. ఎక్కువయిన చోటినుంచి తీసి తక్కువయిన చోట వేయడమే అతని న్యాయం. ఇది తిరుగుబాటు. దీన్ని ఉన్నవ ఎక్కడా హీనంగా చూపలేదు, పైపెచ్చు ఎంతో ప్రేమతో చిత్రించారు. అయితే జగ్గడు పంచిపెట్టినది తీసుకున్నవాడు మర్నాడు మళ్ళీ అదే పొలానికి, అదే కూలికి పోవలసిందే. జగ్గడు ఉన్నంతకాలమే ఆ న్యాయం. అతను పట్టుబడిన రోజున తక్కెడ కూడా అతనితోపాటే పోయింది.

మూడవది చిన్నకొడుకు సంగదాసుది. నవలకు ‘సంగవిజయం’ అని రెండోపేరు పెట్టారంటే రచయిత మొగ్గు ఎటో తెలుస్తూనే ఉంది. సంగదాసు సాధువూ కాదు, వీరుడూ కాదు. ఆస్తిపరుడైన చౌదరయ్య కొడుకు రామానాయుడితో స్నేహం చేస్తాడు, చదువుతాడు, కూలీలకు నచ్చజెబుతాడు. అతను నేర్పినది ఒక్కటే: ఈ కూలికి మేము రాము అని అందరూ కలిసి చెప్పడం. ఆ తగవులోనే చౌదరయ్య దెబ్బకు ప్రాణం పోగొట్టుకుంటాడు. మూడు స్వేచ్ఛలలోనూ భూస్వామి చెయ్యెత్తి కొట్టినది దీన్నే. తండ్రి భక్తిని సహించాడు, దొంగతనాన్ని పోలీసులకు వదిలాడు. రాము అన్న మాటను మాత్రం ఒక్క నిమిషం సహించలేకపోయాడు. ‘మాలపల్లి’లోని వాస్తవికత అంతా నాకు ఈ ఒక్కచోట కనబడుతుంది. స్వేచ్ఛ అంటే కాదనగలగడం. కాదన్నవాడి పొయ్యి మర్నాడు వెలగాలంటే పక్కన పదిమంది ఉండాలి. సంగదాసు చనిపోయాక కూడా అతని పేరిట చదువుల సంస్థ లేవడంలోని అర్థం ఇదే. జగ్గడితో తక్కెడ పోయింది, సంగదాసుతో సంఘం పోలేదు.

4

ఇంత చూసిన ఉన్నవకు పరిమితి లేదా? ఉంది. మా విద్యార్థి వేలు పెట్టినది సరిగ్గా అక్కడే.

మాలవాడను నవలకు నడిబొడ్డున నిలిపిన ఉన్నవ, ఆ వాడలోని మనిషిని అగ్రవర్ణ పాఠకుడు ప్రేమించాలంటే ముందు అతన్ని వైష్ణవ భక్తుణ్ణి చేయాలనుకున్నారు. రామదాసు మనకు నచ్చడానికి మనలాగా ఉండడమే కారణమయితే, ఆ ఇష్టం అతని మీదా, మన మీదా? దళిత విమర్శకులు ఈ ప్రశ్నను గట్టిగానే వేశారు. వారితో నేను ఏకీభవిస్తాను. ఎందుకంటే, పరాయి ప్రభుత్వం మన దేశంతో అన్నమాట కూడా ఇదే కదా: మీరింకా స్వపరిపాలనకు తగినవారు కారు, ముందు అర్హత సంపాదించండి, తరువాత చూద్దాం. అర్హతను బట్టి ఇచ్చేది స్వేచ్ఛ కాదు, అది దయ. ఇచ్చినవాడు అలిగితే తిరిగి తీసుకోగలిగినది ఏదయినా దయే. జైలులో కూర్చుని తెల్లదొర తర్కాన్ని ఎదిరించిన ఉన్నవ, తన నవలలోని మాలవాడ విషయంలో ఆ తర్కాన్ని పూర్తిగా వదిలించుకోలేకపోయారు. ఇది ఆయన ఒక్కరి లోపం కాదు, ఆనాటి సంస్కరణ దృక్పథం మొత్తానికి ఉన్న లోపం.

5

దొర వెళ్ళిపోయాక సంగతి ఏమయింది? ‘మాలపల్లి’ని నిషేధించిన మద్రాసు ప్రభుత్వమే స్వతంత్ర భారతంలో ‘క్రాస్ రోడ్స్’ అనే వామపక్ష వారపత్రికను రాష్ట్రంలోకి రానివ్వలేదు. అది చెల్లదని 1950 మే 26న రొమేష్ థాపర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 1951 జూన్‌లో మొదటి సవరణ వచ్చి, వాక్స్వాతంత్ర్యం మీద ‘పబ్లిక్ ఆర్డర్’ పేరిట ఆంక్షలు పెట్టే వీలు కల్పించింది. ఆ ఆంక్షలు సహేతుకంగా ఉండాలన్న మాట చేర్చారన్నదీ నిజమే. రాజ్యాంగం అమలులోకి వచ్చి పదిహేడు నెలలు కూడా తిరగలేదు. పుస్తకంలో రాసుకున్న స్వేచ్ఛకు కూడా ‘కొన్ని మార్పులతో’ అన్న తోక అంత త్వరగా వచ్చింది.

ఇక 1975 జూన్ 25 రాత్రి. ఆ మాట వచ్చినప్పుడు ఇతరుల గురించి చెప్పే ముందు నా గురించి చెప్పుకోవాలి. అప్పుడు నేను డిగ్రీ ఆఖరి సంవత్సరం విద్యార్థిని, కాలేజీ గోడపత్రిక నా చేతిలో ఉండేది. మా మిత్రుడొకడు చీకటి మీద పద్యం రాసి ఇచ్చాడు. అందులో ఎవరి పేరూ లేదు. గోడకు అంటించాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారకముందే వెళ్ళి చింపేశాను. నన్ను ఎవరూ అడగలేదు, ఎవరూ బెదిరించలేదు. నా స్కాలర్‌షిప్పు, నాన్న ఉద్యోగం, ఈ రెండే కళ్ళముందు మెదిలాయి. మిత్రుడు ఒక్క మాటే అన్నాడు: “పోలీసులు చింపి ఉంటే బాగుండేదిరా.” ఆ రోజుల్లో పత్రికల మీద సెన్సారు ఉండేదని ఇప్పుడు అందరం రాస్తాం. నా మీద ఏ సెన్సారు అధికారీ లేడు. ఆ అధికారిని నేనే.

ఎందుకు భయపడ్డానని తరువాత చాలాసార్లు ఆలోచించాను. ఒంటరిగా ఉన్నాను గనక. ఆ పద్యాన్ని ఉంచుదామా తీద్దామా అని పదిమందిమి కూర్చుని మాట్లాడుకునే చోటు మాకు లేకపోయింది. ఉండి ఉంటే ఉంచేవాళ్ళమేమో.

ఒంటరిగా కాదన్నవారు లేరా అంటే ఉన్నారు. ఎమర్జెన్సీలో నిర్బంధితుడికి తన నిర్బంధం అక్రమమని కోర్టుకు చెప్పుకునే వీలు లేదని 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టులో అయిదుగురిలో నలుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే కాదన్నారు. 1977 జనవరిలో ఆయనను దాటవేసి ఆయనకంటే జూనియర్‌ను ప్రధాన న్యాయమూర్తిని చేశారు. ఆయన రాజీనామా చేశారు. ఆ ఒంటరి మాట ఊరకే పోలేదు. కాని దానంతట అదీ గెలవలేదు. 1977 ఎన్నికలలో ప్రజలు ఓటు వేస్తేగాని, 1978లో 44వ సవరణ వచ్చి, ఎమర్జెన్సీలో సైతం ప్రాణానికి, వ్యక్తి స్వేచ్ఛకు ఉన్న హామీని ఆపడానికి వీల్లేదని రాస్తేగాని అది నిలబడలేదు. ఆనాటి తీర్పు తప్పని సుప్రీంకోర్టే స్పష్టంగా తోసిపుచ్చడానికి 2017 దాకా పట్టింది.

సంఘం ఉంటే చాలునా? ఈ ప్రశ్నను అభ్యుదయ శిబిరంలో ఉన్న మనం దాటవేయకూడదు. ఎమర్జెన్సీని సమర్థించినవారిలో భారత కమ్యూనిస్టు పార్టీ ఉంది. అది తప్పని 1978 భటిండా మహాసభలో ఆ పార్టీయే ఒప్పుకుంది. ఒప్పుకోవడం గౌరవించదగినదే. కాని ఒప్పుకునేటప్పటికి ఎమర్జెన్సీ పోయి ఏడాది దాటింది. లోపలినుంచి ‘ఇది తప్పు’ అన్నవారి గొంతు 1975లోనే వినబడే చోటు ఉండవలసింది. కాదనే మనిషికి సంఘం ఎంత అవసరమో, సంఘానికి కాదనే మనిషి అంతే అవసరం. ఈ రెండోసగం ‘మాలపల్లి’లో లేదు. సంగదాసు మాటకు అడ్డుచెప్పే కూలీ ఆ నవలలో నాకు గుర్తుండిపోయేలా లేడు. ఆ కూలీని సృష్టించవలసిన పని తరువాతి రచయితలది.

6

1985 జులై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. తాము తాగే చెరువు నీళ్ళు పాడుచేయవద్దని చెప్పడంతో మొదలయిన తగవు అది. సంగదాసు రోజులకూ ఆ రోజుకూ మధ్య అరవై ఏళ్ళు గడిచాయి, జెండా మారింది, రాజ్యాంగం వచ్చింది. వద్దు అన్న మాటకు ఊరు చెప్పిన సమాధానం మారలేదు. రాజకీయాలలో సమానత్వం, బతుకులో అసమానత్వం, ఈ వైరుధ్యాన్ని త్వరగా తొలగించకపోతే కట్టుకున్నదంతా కూలుతుందని అంబేద్కర్ 1949 నవంబరులోనే రాజ్యాంగసభను హెచ్చరించారు. కారంచేడు బాధితులు చీరాల చేరి అక్కడే నిలబడ్డారు. ఆ శిబిరంలోంచి దళిత మహాసభ పుట్టింది. వారు తమ మంచితనాన్ని ఎవరిముందూ రుజువు చేసుకోలేదు. హక్కు అడిగారు. ఉన్నవ సగం దూరం వచ్చి ఆగినచోటు నుంచి వారు నడిచారు.

ఇప్పుడు చట్టాల పేర్లు మారుతున్నాయి. 1870లో వచ్చిన రాజద్రోహం సెక్షన్ అమలును 2022 మేలో సుప్రీంకోర్టు ఆపింది. 2024 జులై 1 నుంచి కొత్త న్యాయసంహిత వచ్చింది. అందులో రాజద్రోహం అన్న మాట లేదు. సార్వభౌమత్వానికి, ఐక్యతకు ప్రమాదం అన్న మాటలతో 152వ సెక్షన్ ఉంది. మాట మారినప్పుడు బరువు ఎంత తగ్గిందో, లేక పెరిగిందో, తూచి చూడవలసినవారిలో మాటలతో పనిచేసే మనమూ ఉన్నాము.

యువ రచయితలకు నేను చెప్పగలిగినది కొద్దే. స్వేచ్ఛ మీద కవిత రాసే ముందు, మీరు మీ చేత్తో కొట్టివేసిన వాక్యాలు ఏవో ఒకసారి వెతకండి. ఎవరికి భయపడి కొట్టివేశారో మీ సంఘంలోనే, పదిమంది ముందు చెప్పండి. చెబితే నవ్వుతారనిపిస్తే ఆ సంఘంతో ముందు పోట్లాడండి. ‘మాలపల్లి’ని పరీక్ష కోసం కాకుండా మరొకసారి చదవండి.

మా విద్యార్థికి నేను బాకీపడ్డ సమాధానం కూడా ఇక్కడే చెప్పేస్తాను. రామదాసు మాంసం తినేవాడూ, కేకలు వేసేవాడూ అయి ఉంటే ఆనాడు నాకు నచ్చేవాడు కాడు. ఆ లోపం రామదాసుది కాదు, నాది. ఆ మాట ఆ రోజునే తరగతిలో చెప్పి ఉండవలసింది.