సున్నపు మొరం, ఎర్ర చెల్క

1847లో బొంబాయి ప్రెసిడెన్సీ భూమిశిస్తు లెక్కల కోసం వింగేట్, గోల్డ్‌స్మిడ్, డేవిడ్‌సన్ అనే ముగ్గురు అధికారులు ఒక ఉమ్మడి నివేదిక రాశారు. లోతును, రంగును బట్టి నేలను తరగతులుగా విడగొట్టి, ఆపైన దోషాలకు గుర్తులు పెట్టారు. ఇసుక పాలు ఎక్కువైతే ఒక గుర్తు, వాలుంటే ఒకటి, వరద కోసుకుపోయేదైతే ఇంకొకటి. సన్న సున్నపురాళ్ళు కలిసిన నేలకు రెండు చుక్కలు. ఒక్క గుర్తు పడితే చాలు, నేల ఒక తరగతి కిందికి జారుతుంది. దివాన్ సాలార్‌జంగ్ హయాంలో నిజాం రాజ్యం భూకొలత మొదలుపెట్టినప్పుడు నమూనాగా తీసుకున్నది ఈ బొంబాయి పద్ధతినే. ఆదిలాబాద్ గుట్టల సున్నపు మొరాన్ని, కరీంనగర్ ఎర్ర చెల్కను ఒకే ‘తక్కువ రకం’ గాటన కట్టే అలవాటుకు మూలం ఇలాంటి కొలబద్దే. ఈ రెండు నేలలూ పేదవే, కాదనను. కానీ ఒకదానికి లేనిదే ఇంకొకదానికి మితిమీరి ఉంది.

గోదావరి ఈ రెండు పాత జిల్లాలకు సరిహద్దు, నేలలకు కాదు. నదికి ఉత్తరాన ఉన్న నిర్మల్ వైపూ గ్రానైటు గుట్టలున్నాయి. దక్షిణాన పెద్దపల్లి దగ్గర బసంత్‌నగర్‌లో సిమెంటు ఫ్యాక్టరీ పెట్టగలిగింది అక్కడి సున్నపురాయి వల్లే. 2016లో ఈ రెండు జిల్లాలనూ ముక్కలు చేసి కొత్త జిల్లాలు గీసినప్పుడు నేలను ఎవరూ అడగలేదు, అడగాల్సిన పనీ లేదనుకోండి. ఇక్కడ నేను కరీంనగర్, ఆదిలాబాద్ అనేది రెండు నేల రకాలకు గుర్తుగానే.

కరీంనగర్ చెల్కకు తల్లి గ్రానైటు. ‘టాన్ బ్రౌన్’ పేరుతో విదేశాలకు ఎగుమతయ్యే ఆ రాయే లక్షల ఏళ్ళు వానకు నాని, ఎండకు పగిలి ఈ ఎర్ర మట్టి అయింది. ఇందులోని గరుకంతా తెల్లటి పలుగురాయి ముక్కలు, ఇనుము పేరుకున్న ఎర్ర గుళ్ళు. ఆదిలాబాద్ పడమటి భాగానికి, ఉట్నూరు పీఠభూమికి తల్లి దక్కను నల్లరాయి. దానికి తోడు పెన్‌గంగ వైపు పొరలుపొరలుగా సున్నపురాయి. లోయల్లో చేరిన సన్న మట్టి లోతైన రేగడి అయింది. గుట్టల నడుముల మీద మిగిలింది జానెడు లోతు మట్టి, నల్లరాయి చిప్పలు, ఉసిరికాయంత సున్నపు గడ్డలు. అదే సున్నపు మొరం.

ఆ గడ్డలు ఎలా పుట్టాయో తెలుసుకుంటే నేల స్వభావం సగం తెలిసినట్టే. నల్లరాయిలో కాల్షియం ఎక్కువ. వేళ్ళు వదిలే బొగ్గుపులుసు వాయువు వాన నీటిలో కలిసి ఆ కాల్షియాన్ని కరిగించి కిందికి తీసుకుపోతుంది. వానలో అధిక భాగం నైరుతి నాలుగు నెలల్లోనే కురిసిపోతుంది. తర్వాత ఎనిమిది నెలలు తేమ ఆవిరవుతుంటే సున్నం మళ్ళీ గట్టిపడి గడ్డ కడుతుంది. ఏటా కొంచెం కొంచెంగా. ఎడతెగని వానల దేశంలో ఈ సున్నం కొట్టుకుపోయేది. వానే లేని చోట అసలు కరిగేదే కాదు. అమెరికా నైరుతి ఎడారి అంచుల్లో కలీచె అని పిలిచే గట్టి సున్నపు పొరకూ ఇదే పుట్టుక.

రెండు నేలల తేడా చూపడానికి వేరుశనగను మించిన సాక్షి లేదు. ఎర్ర చెల్కలో వేరుశనగ పచ్చగా, నిండుగా పెరుగుతుంది, పీకి చూస్తే కాయల్లో పప్పు నిండదు. ఊడ దిగిన చోట మట్టిలో కాల్షియం చాలకపోవడమే కారణం. అందుకే పూత దశలో ఎకరానికి 200 కిలోల జిప్సం వేసి మట్టి ఎగదోయమంటారు. అదే విత్తనాన్ని సున్నపు నేలలో వేయండి. కాల్షియానికి కొదవ లేదు, కానీ లేత ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా మిగిలి పాలిపోతాయి. మట్టిలో ఇనుము లేక కాదు. ఉదజని సూచిక ఎనిమిది దాటిన నేలలో ఇనుము వేరుకు అందని రూపంలో ఉండిపోతుంది. అప్పుడు ఇనుము ఉప్పైన అన్నభేదిని నిమ్మ ఉప్పుతో కలిపి ఆకుల మీద పిచికారీ చేయాలి. మట్టిలో పోస్తే అది కూడా బిగుసుకుపోతుంది. చెల్కకు సున్నం కావాలి, మొరానికి సున్నం నుంచి విడుదల కావాలి.

భాస్వరం సంగతీ అంతే. డీఏపీ బస్తా రెండు చోట్లా ఒకటే, ధర ఒకటే. చెల్కలో భాస్వరాన్ని ఇనుము, అల్యూమినియం పట్టుకుంటాయి. మొరంలో కాల్షియం పట్టుకుంటుంది. బందీ ఒకడే, జైళ్ళు వేరు.

ఇక్కడిదాకా చదివితే మొరానికి రెండు చుక్కలు పెట్టిన గుమాస్తాది న్యాయమే అనిపిస్తుంది. నాగలి వైపు నుంచి చూస్తే న్యాయమే. మేత వైపు నుంచి చూస్తే లెక్క తారుమారవుతుంది.

ఎర్ర చెల్క మీద పెద్ద వాన పడి, మర్నాడు ఎండ కాస్తే పైపొర అట్టకట్టి గట్టిపడుతుంది. మొలక తల ఎత్తలేదు, తర్వాతి వాన లోపలికి ఇంకలేదు. పటాన్‌చెరులో 1972లో మొదలైన ఇక్రిశాట్ ఒకే ఆవరణలో ఎర్ర నేల, నల్ల నేల రెండూ ఉన్న చోటు. చెల్క అట్టకట్టే గుణం అక్కడి శాస్త్రవేత్తలకు ఏళ్ళ తరబడి పరిశోధన విషయమైంది. సున్నపు మొరంలో ఆ బెడద తక్కువ. కాల్షియం మట్టి రేణువులను గుళ్ళుగా కట్టి ఉంచుతుంది. పైనున్న రాళ్ళు చినుకు దెబ్బను తామే కాచుకుంటాయి, ఎండకు తేమ ఎగిరిపోకుండా కప్పుగా ఉంటాయి. పంటకు చాలని ఆ జానెడు మట్టి గడ్డి వేళ్ళకు చాలు. దక్కను పచ్చికలను 1973లో దాబాద్‌ఘావ్, శంకరనారాయణ్‌లు సెహిమా–డైకాంథియం గడ్డిభూములుగా వర్గీకరించారు. మందలు అతిగా మేస్తే ఆ మంచి గడ్డి పోయి, ఉన్నికి గుచ్చుకునే ముళ్ళ గింజల గడ్డి మిగులుతుంది. ఈ పతనం రెండు నేలల్లోనూ జరిగేదే. మేపు ఆపితే ఏ నేల ముందు కోలుకుంటుందని అడిగితే నా ఓటు మొరానికే. చెల్కలో పైపొర అట్టకట్టాక విత్తనం నాటుకోవడమే కష్టం. టేకుకూ సున్నం గల, నీరు నిలవని నేల ఇష్టం. ఆదిలాబాద్ అడవులకు టేకు తెచ్చిన పేరులో ఈ నేలకూ వాటా ఉంది. కరీంనగర్ రాతి గుట్టలు టేకుకు బదులు సీతాఫలం ఇస్తాయి, అదీ తీసిపారేయదగ్గది కాదు.

మరి ప్రభుత్వాలు ఏం చేశాయి? ఒక్క మాటలో చెప్పాలంటే చెల్కకు మేలు చేశాయి, మొరాన్ని పట్టించుకోలేదు. పోచంపాడు నుంచి వచ్చిన కాకతీయ కాలువ చెల్కను వరి మడి చేసింది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ చెరువు పూడిక మట్టిని పొలాలకు చేర్చింది. చెల్కకు లేనిది బంకమట్టే కాబట్టి ఆ మందు సరిగ్గా సరిపోయింది. బాగుపడగల పేదరికం అది. గుట్ట వాలు మీది మొరానికి పూడిక మట్టి తోలినా రెండు వానలకే వాగులో కలుస్తుంది. 2017లో గొల్ల కురుమలకు 75 శాతం సబ్సిడీతో ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు పంచారు. మంచి పనే. ఆ మంద ఎక్కడ మేయాలన్న ప్రశ్న మాత్రం మిగిలింది, ఎందుకంటే ఊరుమ్మడి మేత భూములైన బంచరాయిలు, గైరాన్లు అప్పటికే దున్నకాల్లోకో పట్టాల్లోకో పోయాయి. గుట్ట నడుముల దాకా పత్తి ఎక్కింది. లోతైన రేగడిలో పత్తి పెట్టడం తెలివి. జానెడు సున్నపు మొరంలో పెట్టడమంటే, పదిహేను రోజులు వాన ముఖం చాటేస్తే అప్పు మిగిల్చుకోవడం. చెల్కలో వరి వేయడం కన్నా ఇది పెద్ద తప్పని నా అభిప్రాయం. అక్కడ నీరన్నా ఉంది.

ఈ నేలతో ఎలా మెలగాలో తెలిసినవాళ్ళు గోండులు. మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1948లో ప్రచురించిన రాజగోండుల పుస్తకంలో వాళ్ళ పద్ధతి వివరంగా ఉంది. గుట్టల మీది తేలిక నేలను కొన్నేళ్ళు దున్ని, తర్వాత బీడుగా వదిలి విశ్రాంతి ఇచ్చేవారు. రిజర్వు అడవుల హద్దులు గీసినప్పుడు బీడు పడ్డ భూములను ఎవరూ సాగు చేయని భూములుగా లెక్కగట్టి అడవిలో కలిపేశారు. విశ్రాంతి కూడా సాగులో భాగమేనని అధికారికి తోచలేదు. మిగిలిన ముక్కను ఏటా దున్నక తప్పని స్థితి అక్కడి నుంచే మొదలైంది.

ఇప్పుడు ఆ గుమాస్తా స్థానంలో భూసార కార్డు ఉంది. 2015లో వచ్చిన ఈ పథకం పన్నెండు అంశాలు కొలుస్తుంది: ఉదజని సూచిక, లవణ పరిమాణం, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్. నేల లోతుకు గడి లేదు. సున్నం పాలుకు గడి లేదు. ఇక రాళ్ళ సంగతి చూడండి: ప్రయోగశాలలో మట్టిని రెండు మిల్లీమీటర్ల జల్లెడ పట్టి, కింద పడ్డదాన్నే పరీక్షిస్తారు. పైన మిగిలిన గరుకంతా, అంటే మొరాన్ని మొరం చేసిన సరుకంతా, చెత్తబుట్టకు పోతుంది. సగం రాళ్ళున్న ఎకరానికీ, రాయి లేని ఎకరానికీ ఒకే ఎరువు సిఫారసు రావచ్చు. 1847 నాటి అధికారులు సున్నపురాళ్ళను దోషమనైనా చూశారు, లోతును మూరలతో కొలిచారు. జల్లెడ మీద మిగిలినదాన్ని తూకం వేయడం, పిడికెడు మట్టి మీద పలచని ఆమ్లం చుక్క వేసి పొంగుతుందో లేదో చూడటం, గడ్డపారతో రాయి తగిలేదాకా తవ్వి లోతు రాసుకోవడం: ఈ మూడూ కార్డులో చేరితే ఉట్నూరు వాలు మీది రైతుకు ఎరువు మోతాదుకన్నా ముందు, ఇక్కడ పత్తి వేయాలా, గడ్డి పెంచాలా అన్న సలహా అందుతుంది.