అపృథగ్యత్నం – అంగడివీథి: ఓవటోనా బ్యాంకు భవనంపై విచారణ

రసావిష్టుడైన కవికి వేరే ప్రయత్నం లేకుండా సిద్ధించేదే అలంకారమని ఆనందవర్ధనుడు ‘ధ్వన్యాలోకం’ ద్వితీయోద్ద్యోతంలో నిర్ణయించాడు. శృంగారంలో యమకాన్ని ఆయన వారించింది అది ప్రత్యేకయత్నాన్ని కోరుతుందనే. కావ్యానికి చెప్పిన ఈ ప్రమాణం కట్టడానికి ఎంతవరకు నిలుస్తుందో పరీక్షించడానికి అమెరికాలో, మిన్నెసోటా రాష్ట్రపు చిన్న నగరం ఓవటోనా నడిబొడ్డున ఉన్న నేషనల్ ఫార్మర్స్ బ్యాంకు తగిన లక్ష్యం.

1908లో పూర్తయిన ఈ భవనానికి రూపకర్త లూయీ సలివన్. రూపం ప్రయోజనాన్ని అనుసరిస్తుందని 1896లో సూత్రీకరించినవాడు. ఆ సూత్రాన్ని అలంకార నిరాకరణగా వ్యాఖ్యానించినవారు ఆయన కట్టడాలను చూసి ఉండరనుకోవాలి. ఎర్ర ఇసుకరాతి పీఠం, దానిపై ఇటుక గోడ, రెండు వీథుల వైపూ ఒక్కొక్క మహాకమాను గవాక్షం, వాటి చుట్టూ మృణ్మయ ఫలకాల, గాజు మొజాయిక్ పట్టీలు. లోపల రంగుగాజుల గుండా వచ్చే పచ్చని వెలుగులో పాడి ఆవులు, పంటకోత చిత్రితమైన కుడ్యాలు. సంగీతప్రియుడైన బ్యాంకు అధికారి కార్ల్ బెనెట్‌కు రాసిన లేఖలో సలివన్ దీన్ని వర్ణాల సింఫనీగా ఊహించాడు. రైతుల సొమ్ము దాచే చోట రైతుల పొలమే అలంకారమైంది. ఇక్కడ విషయం, భూషణం వేరు కావు. (ఇంత భరోసా పలికిన గోడల నడుమ ఆ బ్యాంకు 1926లో దివాలా తీసిందన్నది వేరే సంగతి.)

అయితే ఒక చిక్కుంది. ఆ అలంకరణలో అధికభాగాన్ని గీసినవాడు సలివన్ కాదు, ఆయన కార్యాలయంలోని జార్జ్ గ్రాంట్ ఎల్మ్‌స్లీ. చెయ్యే వేరైనప్పుడు యత్నం అపృథక్కు ఎలా అవుతుంది? యత్నాన్ని కర్తృగతంగా చూస్తే సిద్ధాంతం ఇక్కడ వీగిపోతుంది. కృతిగతంగా చూడవలసి ఉంటుంది: తీసివేస్తే కట్టడం అర్థం కోల్పోతుందా, లేదా?

ఈ పరీక్షను కాలమే చేసింది. 1940లో లోపలిభాగాన్ని నవీకరించినప్పుడు ఎల్మ్‌స్లీ అలంకరణలో చాలా భాగం తొలగింది. నగదు గుమాస్తాల గవాక్షాలకున్న లోహపు జాలీలు చెదిరిపోయి, కొన్ని మ్యూజియాలకు చేరాయి. అక్కడ గోడకు తగిలించినా అవి అందంగానే ఉన్నాయి. వాటి దోషమూ అదే కావచ్చు. యమకం వలె అవి ఒంటరిగా నిలవగలవు. కమాను గవాక్షం అలా కాదు. దాన్ని ఊడదీస్తే మిగిలేది గోడలో రంధ్రం. 1950ల చివర హార్‌వెల్ హామిల్టన్ హారిస్ పునరుద్ధరణకు పూనుకొన్ననాటికి జాలీలు పోయినా భవనం సలివన్‌దిగానే గుర్తించదగి ఉండడానికి కారణం ఈ భేదమే. కాబట్టి ఓవటోనా అలంకారమంతటినీ ఒకే కోవకు చేర్చి కీర్తించడం సరికాదు. వెలుపలి గోడ కావ్యం, లోపలి జాలీ చిత్రకావ్యం.