పద్యం పాడే గొంతు

పద్యనాటకంలో, రాయబారం సీనులో కృష్ణుడు పద్యం ఎత్తుకున్నాడంటే, పందిరి చివర చాప మీద కూర్చున్నవాడికీ ప్రతి మాటా విడివిడిగా వినపడాలి. మైకులు లేని రోజుల్లో నటుడికి అదే పరీక్ష. షణ్ముఖి ఆంజనేయరాజు, పీసపాటి నరసింహమూర్తి వంటివారు తిరుపతి వేంకట కవుల పద్యాలను ఏళ్ల తరబడి ఊరూరా పాడారు. అంత వాడకానికి తట్టుకున్న గొంతుల్లో బలం కన్నా పొదుపే ఎక్కువని నా నమ్మకం.

ధ్వని పుట్టే చోటు ఎంతో చిన్నది. స్వరపేటికలోని రెండు స్వరతంతువుల పొడవు మగవాళ్లలోనూ రెండు సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ. మామూలు మాటల్లోనే మగవారి తంతువులు సెకనుకు 100 నుంచి 130 సార్లు, ఆడవారివి సుమారు 200 సార్లు కలిసి విడిపోతాయి. నాలుగు శ్రుతిలో పాడే నటుడు పై షడ్జం అందుకుంటే ఆ లెక్క 350 దాకా పోతుంది. అక్కడ గొంతు బిగించి అరిస్తే తంతువులు ఒరుసుకుని వాస్తాయి, గొంతు బొంగురుపోతుంది. రోజూ అదే పనైతే బొడిపెలు కడతాయి.

అరవకుండా వినిపించడం ఎలా? తంతువుల దగ్గర పుట్టిన ధ్వనికి పై భాగంలో, గొంతులో, నోటిలో రూపం వస్తుంది. ఆపెరా గాయకులను పరిశోధించిన స్వీడన్ శాస్త్రవేత్త యోహాన్ సుండ్‌బెర్గ్, వారి గొంతులో 3000 హెర్ట్‌జ్ ప్రాంతం ప్రత్యేకంగా బలపడుతుందనీ, అందుకే వాద్యబృందం హోరును దాటి వినిపిస్తుందనీ తేల్చారు. మనవాళ్లు ఖంగుమనే గొంతు అని మెచ్చుకునేదీ ఇంచుమించు ఇదే అయివుంటుంది.

అసలు విద్య ఊపిరిలో ఉంది. శార్దూలంలో పాదానికి 19 అక్షరాలు, మత్తేభంలో 20. సంస్కృతంలో యతి దగ్గర ఆగుతారు. తెలుగు యతి అక్షరాల మైత్రే తప్ప ఆగమని చెప్పదు. కాబట్టి ఎక్కడ విరవాలో అర్థాన్ని బట్టి నటుడే తేల్చుకోవాలి. సమాసం మధ్యలో ఊపిరి తీస్తే పద్యం చచ్చిపోతుంది. అందుకే పద్యం మొత్తాన్ని ముందే ఊపిరి లెక్కన కోసుకుంటారు. రాగం తీయడానికి ‘ఆ’కారం దొరికే చోటు కోసం దమ్ము మిగుల్చుకుంటారు. జనం వన్స్‌మోర్ అంటే మళ్లీ మొదటినుంచీ పాడాలి కదా!

రాగం నటనను మింగేస్తోందన్న రంగస్థల నటుడు బళ్ళారి రాఘవ వైపే నా మొగ్గు. అయినా ఊపిరి విషయంలో పద్యనటుల దగ్గర నేర్చుకోవలసింది చాలా ఉంది. ఇప్పుడు మైకు చేతికి వచ్చింది, దాని ముందూ అరుస్తున్నారు.

రోజంతా గొంతుతో బతికే టీచర్లకు ఈ ఊపిరి శిక్షణ పెద్దగా ఎవరూ ఇవ్వరు. గొంతు పోతే తాగే మిరియాల పాలు హాయిగానే ఉంటాయి గానీ, మింగినది అన్నవాహికలోకి పోతుంది, తంతువులను తాకదు. తాగిన నీళ్లు ఒంటికి పట్టాకే వాటికి తడి అందుతుంది. ఆవిరి మాత్రం నేరుగా తగులుతుంది. మాటిమాటికీ గొంతు సవరించుకోవడం తంతువులను కొట్టడమే. బొంగురుపోయినప్పుడు బలవంతపు గుసగుసలు విశ్రాంతి కావు, మౌనమే విశ్రాంతి. అర్ధరాత్రి నాటకం ముగిశాక కడుపునిండా తిని పడుకుంటే పుల్లటి ఆమ్లం పైకెగదన్ని గొంతును కాలుస్తుంది. పొగ సంగతి చెప్పనే అక్కర్లేదు.

బొంగురు మూడు వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకోవాలి. చిన్న కెమెరాతో తంతువులను చూస్తారు. బొడిపెలు చాలావరకు కోత లేకుండా స్పీచ్ థెరపీతోనే తగ్గుతాయి. అక్కడ నేర్పేవాటిలో ముఖ్యమైనది, మాట్లాడుతూ ఊపిరి ఎప్పుడు తీసుకోవాలన్నది.