నెత్తి మీద వెండి చుక్క

వానలు మొదలయ్యే వేళకు ఊరి చెరువుల్లో గంబూసియా చేపపిల్లల్ని వదలడం ఏటా చూస్తున్నదే. నలుగురూ గట్టు మీద నిలబడతారు, నీళ్ళు నింపిన ప్లాస్టిక్ సంచుల మూతులు విప్పుతారు, మర్నాడు పేపర్లో ఫొటో వస్తుంది. దోమలు తగ్గాలన్న కోరిక నాకూ ఉంది. కానీ సంచి విప్పే ముందు ఎవరైనా ఆ నీళ్ళలోకి తొంగి చూశారా? అక్కడ అప్పటికే ఏ చేప కాపురం ఉంటోందో కనుక్కున్నారా? ఈ వారం ఈ ప్రశ్న గట్టిగానే అడగాలనిపించింది.

మాది కోనసీమ. ఇక్కడ పెరడంటే కొబ్బరి చెట్లు, వరసల మధ్య బోదెలు. కాలువకు నీళ్ళొస్తే బోదెలు నిండుతాయి, నీళ్ళ వెంట చేపలొస్తాయి. వేసవిలో కాలువ కట్టేశాక లోతున్న చోట మాత్రం మడుగు మిగులుతుంది, ఎండల్ని తట్టుకునేవి అందులో తలదాచుకుంటాయి. మృగశిర దాటి ఆర్ద్ర వానలు పడగానే చేలల్లోంచి జారే నీటికి ఎదురెక్కుతూ కొత్తవి వచ్చి చేరతాయి. వేలెడంత ఉండే ఈ చేపలన్నిటినీ కలిపి పరిగెలనేస్తారు. పులుసుకు పనికొచ్చేవి, రానివి అని రెండే తెగలు. పెరటి తొట్లలో వీటిని పెంచడం మొదలుపెట్టాక గానీ ఈ రెండు తెగల్లో ఎన్ని రకాలు ఇమిడి ఉన్నాయో నాకు తెలిసిరాలేదు.

ముందుగా నీటి పైపొరలో తిరిగే చేప సంగతి చెప్పాలి. మన నీడ నీళ్ళ మీద పడకుండా గట్టు మీద కూర్చుంటే, చేప కంటే ముందు దాని నెత్తి మీది వెండి చుక్క కనిపిస్తుంది. ఎండ తగిలినప్పుడు అది మెరుస్తుంది. కాసేపటికి ఆ చుక్క చుట్టూ రెండంగుళాల ఒళ్ళు కూడా కంటికి ఆనుతుంది. నెత్తి చదును. నోరు పైకి తిరిగి ఉంటుంది. వీపు రెక్క బాగా వెనక్కి జరిగి తోకకు దగ్గరగా ఉంటుంది, దాని మొదట్లో ఒక నల్ల మచ్చ. తోక అంచు గుండ్రం. దీని శాస్త్రీయ నామం అప్లోకైలస్ పంచాక్స్. ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగా నది చేపల మీద 1822లో అచ్చువేసిన పుస్తకంలో దీన్ని వర్ణించాడు. కొమ్మ మీంచి జారిపడ్డ చీమ, ఊపిరి కోసం నీటి పైకి తేలిన దోమ పిల్ల దీని తిండి. నోరు పైకి తిరిగి ఉండటం అందుకే.

గంబూసియాను మన దేశానికి ఇటలీ నుంచి 1928లో తెచ్చారు. దాని సొంత ఊరు అమెరికా. అది కూడా నీటి పైనే తిరుగుతుంది, దాని నోరు కూడా పైకే ఉంటుంది కాబట్టి తొలిచూపులో రెండూ ఒకటే అనిపిస్తాయి. అయితే గంబూసియా నెత్తి మీద చుక్క ఉండదు. ఒళ్ళు బూడిద రంగు. ఆడదాని పొట్ట ఉబ్బెత్తుగా ఉండి, వెనక వైపు నల్లటి నీడ కనిపిస్తుంది. మగదాని పొట్ట కింది రెక్క ఒకటి సన్నటి పుల్లలా సాగి ఉంటుంది. పంచాక్స్ నీటి మొక్కల వేళ్ళకు ఒక్కొక్క గుడ్డే అంటిస్తుంది. గంబూసియా గుడ్లు పెట్టదు, బతికున్న పిల్లల్నే కంటుంది. అందుకే అంత తొందరగా పెరిగిపోతుంది, అందుకే దోమల పని దానికి అప్పగించారు. కానీ దాని తిండి దోమ పిల్లలతో ఆగదు. ఇతర చేపల గుడ్లు, పొదిగిన పిల్లలు, తోకకప్పలు అన్నీ తింటుంది, తనకంటే నెమ్మదైన చేపల రెక్కలు కొరుకుతుంది. ప్రపంచంలో అతి ప్రమాదకరమైన 100 పరాయి జీవుల జాబితాలో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దాన్ని చేర్చింది. అదే జాబితాలో మన మార్పు జాతి చేప కూడా ఉందని చూసి మొదట ఆశ్చర్యపోయాను. మన చెరువులో దాని పాటికి అది బతికే చేప, ఫ్లోరిడా కాలువల్లో పడి అక్కడి వాటికి గండమైంది. చేపను దాని నీటిలోంచి తీసి పరాయి నీటిలో వేస్తే ఏం జరుగుతుందో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి!

పక్కింటి పిల్లవాడు వారానికోసారైనా సీసా పట్టుకొస్తాడు. "మామ్మగారండీ, ఇదేం చేపండీ?" అంటాడు. వాడికి నేను ముందు నేర్పింది సీసా మూత తీయడం. గొరక, మట్టగిడస, మార్పు, ఇంగిలాయి లాంటివి నీటి పైకొచ్చి గాలి మింగి బతికేవి. నీళ్ళు అంచుదాకా పోసి మూత బిగిస్తే, నీళ్ళలోనే ఉన్నా ఊపిరాడక చచ్చిపోతాయి. తరువాత నేర్పింది రంగు చూసి మోసపోవద్దని. పట్టుకున్న చేప బెదిరి పాలిపోతుంది, వానాకాలంలో పొదుగుకొచ్చిన మగది ఎర్రబారుతుంది, బురదనీటి చేప తెల్లగా ఉంటుంది. అంచేత ముందు ఆకారం, తరువాత మచ్చలు, ఆ తరువాత మీసాలు చూడాలి. పలకలాంటి గాజు డబ్బాలో, చేప అటూ ఇటూ తిరగడానికి వీలులేనంత ఇరుకులో, ఒక్క నిమిషం ఉంచి పక్కవాటు ఫొటో తీసి వదిలేయాలి. చూడాల్సిందంతా ఆ ఫొటోలో చూసుకోవచ్చు.

పరిగెల దగ్గరే అసలు చిక్కు. తోక మొదట్లో నల్లటి గుండ్రటి మచ్చ, వీపు రెక్క అడుగున ఇంకో మచ్చ ఉన్నదాన్ని పట్టుకుంటే అది పుంటియస్ సోఫోర్ కావచ్చు, పుంటియస్ చోలా కావచ్చు. నోటి మూలల్లో వెతకాలి. చోలాకు ఒక జత పొట్టి మీసాలుంటాయి, సోఫోర్‌కు అసలు ఉండవు. తడిచేత్తో పట్టుకుని భూతద్దంలో చూస్తే గానీ తేలదు. వానాకాలంలో సోఫోర్ మగదాని పక్కన పొడుగునా ఎర్ర చార వస్తుంది, ఆ రోజుల్లో ఇంకేమీ చూడనక్కర్లేదు. వీటికంటే చిన్నది పెథియా టిక్టో. దాని మచ్చల్లో ఒకటి చెవి రెక్కకు కాస్త పైన, ఇంకొకటి తోకకు ముందు. పక్కన తల నుంచి తోకదాకా సాగాల్సిన పొలుసుల గీత దీనికి మామూలుగా మొదట్లోనే ఆగిపోతుంది. 2012 దాకా దీన్ని కూడా పుంటియస్‌లోనే లెక్కించేవారు, తరువాత పెథియా అని వేరు చేశారు. పుస్తకం పాతదైతే ఈ పేరు దొరకదు, ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

కొన్నిటికి ఇంత శ్రమ అక్కర్లేదు. మీసాలు ఒంటి మధ్యదాకా సాగి, పట్టుకోబోతే ఎగిరి గట్టున పడేది ఈసోమస్ డాన్రికస్. ముల్లు ముల్లూ బయటికి కనిపించే గాజు చేప పరంబాసిస్ రంగా. అలంకారానికి చేపలమ్మే వ్యాపారంలో దాని ఒంట్లోకి సూదితో రంగు ఎక్కించి అమ్మిన కాలం ఉంది. అంత అందం కళ్ళెదుట ఉంటే దానికి రంగెక్కించాలని ఎవరికి ఎలా తోచిందో నాకు అర్థం కాదు.

పేర్లు వెతికే దారిలోనే పాట్రిక్ రస్సెల్ తారసపడ్డాడు. పాముల మీద ఆయన రాసింది చాలామందికి తెలుసు. విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల బొమ్మలు, వర్ణనలతో 1803లో ఆయన పుస్తకం వెలువడింది. అందులో చేపలకు అక్కడి జాలర్లు చెప్పిన పేర్లనే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. ఎక్కువగా సముద్రపు చేపలే గాబట్టి నా బోదెకు అక్కరకు రాలేదు. నాకు పనికొచ్చింది ఫ్రాన్సిస్ డే రాసిన భారతదేశపు చేపల గ్రంథం, 1875 నుంచి 1878 వరకు భాగాలుగా వచ్చింది. ఆయన చాలా చేపలకు తమిళం, తెలుగు, బెంగాలీ వాడుక పేర్లు కూడా చేర్చాడు. అవి చదువుతుంటే ఏదో ఊళ్ళో వల దులుపుకుంటూ ఒకాయన ఆ పేరు పలికిన సంగతి మనసులో మెదులుతుంది. ఇప్పుడు వల వేసేవాళ్ళు మా కాలువ మీద తగ్గిపోయారు. పెద్దవాళ్ళు ఉన్నప్పుడే వాళ్ళ పక్కన కూర్చుని ఏ చేపను ఏమంటారో రాసుకోవాలి. ఊరు మారితే పేరు మారుతుంది, అందుకే పేరు పక్కన ఊరు, నెల, నీటి జాడ కూడా రాస్తాను.

ఇక పెంపకం. పంచాక్స్ పైపొర చేప కాబట్టి లోతైన డ్రమ్ము కంటే వెడల్పాటి సిమెంటు తొట్టి మేలు. మోకాలి లోతు నీళ్ళు చాలు. పూట ఎండ, పూట నీడ పడే చోట పెట్టాలి. రోజంతా ఎండ పడితే నీళ్ళు కాగిపోతాయి. నీళ్ళు ఆ చేప పుట్టిన బోదెవే అయితే మంచిది, లేదా వాననీళ్ళు. కుళాయి నీళ్ళయితే క్లోరిన్ పోయేదాకా ఆరుబయట వెడల్పాటి పాత్రలో నిలవ ఉంచాలి. పక్క చేలో పురుగుమందు కొట్టిన వారంలో బోదె నీళ్ళు ముట్టుకోకూడదు. అడుగున పిడికెడు ఇసుక, హైడ్రిల్లా నాచు, పైన ఒకటి రెండు అంతరతామర మొక్కలు వేస్తే చాలు. గుర్రపు డెక్క వద్దు, నెల తిరక్కుండా తొట్టి మూసేస్తుంది. పైన వల కట్టడం మరిచిపోకూడదు, పంచాక్స్ దూకుతుంది.

తిండి విషయంలో మనవాళ్ళకు చెయ్యి ఆగదు. మరమరాలు, బిస్కెట్లు, అన్నం మెతుకులు వేసేస్తారు, మిగిలింది కుళ్ళి నీళ్ళు కంపు కొడతాయి. నీడపట్టున ఒక కుండలో నీళ్ళుంచితే వారంలో దోమ పిల్లలు పుడతాయి. అవి దోమలై ఎగిరే లోపల టీ వడపోతతో తీసి తొట్టిలో వేస్తే అంతకంటే మంచి మేత లేదు. కుండను కనిపెట్టుకుని ఉండలేని వాళ్ళు ఈ జోలికి పోకుండా, ఉడికించిన గుడ్డు సొన ఆవగింజంత వేస్తే సరిపోతుంది. వేసిన మేత రెండు నిమిషాల్లో అయిపోవాలి. అంతరతామర వేళ్ళకు మెంతిగింజ కంటే చిన్నగా, పారదర్శకంగా గుడ్లు కనిపిస్తే ఆ మొక్కను వేరే గిన్నెలోకి మార్చాలి, లేకపోతే తల్లీతండ్రే పిల్లల్ని మింగేస్తాయి. ఇంచుమించు రెండు వారాల్లో పిల్లలు బయటికొస్తాయి. సూదిమొన లాంటి ఆ పిల్లల నెత్తి మీద కూడా చుక్క ఉందా అని ప్రతి ఏడూ కళ్ళు చిట్లించి వెతుకుతాను.

తొట్టికి తేకూడనివి కూడా చెప్పాలి. బోదెలో ఎర్రటి పిల్లల గుంపు ఉండచుట్టుకుని తిరుగుతుంటే అది కొర్రమీను సంసారం, కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. గుంపును ఎత్తుకొస్తే పిల్లలు చాలావరకు చస్తాయి. బతికినవి తొట్టిలో మిగతా చేపల్ని ఖాళీ చేస్తాయి. చెవి రెక్కల మీద నారింజ, నీలం చారలుండే చిన్న మట్టగిడస చన్నా గచువా. దాని మగది గుడ్లను, పిల్లల్ని నోట్లో పెట్టుకుని సాకుతుంది. గొంతు ఉబ్బి, మేత ముట్టకుండా ఒక మూల నిలిచిన గచువా కనిపిస్తే వల దూరంగా పెట్టండి. తొట్టిలో పెంచినవాటిని వదలాల్సి వస్తే పట్టిన బోదెలోనే వదలాలి. బజారులో కొన్న రంగుచేపలతో ఒక్క పూట కలిపి ఉంచినా, వాటిని మళ్ళీ కాలువకు చేర్చకూడదు, రోగాలు అంటుకుని ఉండొచ్చు.

కాలువ గట్లకు సిమెంటు పూత వచ్చాక అంచున నాచు పోయింది, గుడ్లు అంటించడానికి వేళ్ళు లేవు. మురుగు కాలువల్లోకి చెరువుల నీళ్ళు వదిలిన రోజున చేపలు తెల్లగా తేలడం నేను చూశాను. అయినా పెరటి బోదెల్లో పంచాక్స్ ఇంకా ఉంది. మా అమ్మమ్మ వాళ్ళ బావిలో నీళ్ళు శుభ్రంగా ఉండాలని చేపను వేసేవారు. దగ్గరి నీళ్ళలో దొరికిన చేపే దానికి సరిపోయేది.

దోమల కోసం చేపలు కావాలనుకునే పంచాయతీలకు నేను కోరేది చేయదగ్గ పనే. సంచులు తెప్పించే ముందు ఒక పొద్దున, గాలి లేని వేళ, ఆ చెరువు అంచున పది నిమిషాలు నిలబడి వెండి చుక్కల కోసం చూడండి. ఉంటే కొత్త చేప అక్కర్లేదు, గట్టు వెంట నాచు కొంత ఉండనివ్వండి. లేకపోతే అదే కాలువ మీద పై ఊరిలో ఉంటాయి. ఒక జల్లెడ వల, రెండు బిందెలు, అవి ఏ చేపలో చూసి చెప్పగల మనిషి ఒకరు ఉంటే అక్కడివే తెచ్చి బడి సిమెంటు తొట్లలో వేసి, పిల్లలు పెట్టాక చెరువుకు చేర్చవచ్చు. మా ఊరికి ఆ మనిషిగా రావడానికి నేను సిద్ధం, సీసా పట్టుకున్న పక్కింటి పిల్లవాణ్ణి కూడా వెంటబెట్టుకొస్తాను.